వేటకు వెళ్ళేవారి వెంట పసిపిల్లలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారాలు.

నల్లమల అంచు మండలాల నుంచి మీ పత్రికకు ఒక రకం వార్తలు తరచూ వస్తుంటాయి. అడవిపంది మాంసం అమ్ముతూ కొందరు పట్టుబడ్డారనీ, దుప్పిని చంపినవారిని అటవీ సిబ్బంది అదుపులోకి తీసుకున్నారనీ, ఉచ్చులు, తలకు కట్టుకునే లైట్లు, మోటారు సైకిళ్ళు స్వాధీనమయ్యాయనీ జిల్లా పేజీలో ఒక మూల నాలుగు వాక్యాలు పడతాయి. మాంసం ఎన్ని కిలోలో రాస్తారు, ఒక్కోసారి బండ్ల నంబర్లు కూడా వేస్తారు. ఆ గుంపులో పిల్లలున్నారా అన్నది మాత్రం వార్త రాసినవారు అడగరు, కేసు పెట్టినవారు చెప్పరు. ఈ ప్రాంతపు పల్లెల్లో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేసిన నాకు తెలిసినంతలో, చాలాసార్లు ఉంటారన్నదే దానికి జవాబు.

ఏడెనిమిదేళ్ళ మగపిల్లలు ఆదివారం రాత్రి తండ్రితోనో, మేనమామతోనో, చిన్నాన్నతోనో కుందేళ్ళ వేటకు వెళ్ళివచ్చి, సోమవారం తరగతిలో కునికిపాట్లు పడుతుంటారు. నిద్ర ఎందుకు చాలలేదని అడిగితే ‘పెండ్లికి పోయినాం సార్’ అంటారు. మళ్ళీ అడిగితే, పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వితే, అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. వాడు వేటకు వెళ్ళడం ఒక ఎత్తు, ఎవరైనా అడిగితే పెళ్ళి అని చెప్పమని ఇంటి పెద్దలే నేర్పి పంపడం ఒక ఎత్తు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ రెండోదే. ఇవాళ మన పల్లెల్లో సాగుతున్నది దొంగచాటు వేట. దొంగచాటుది కావడం వల్లనే అందులో పసివాడికి ఏ రక్షణా మిగలదు. తుపాకీ కన్నా, ఉచ్చు కన్నా, ఆ దాపరికమే వాడికి ఎక్కువ చేటు చేస్తుందన్నది నా అభిప్రాయం.

ఈ మాట అనగానే పెద్దవాళ్ళు చెప్పే మొదటి సమాధానం నాకు తెలుసు. ‘మేమూ చిన్నప్పుడు మా నాయన వెంట పోయినవాళ్ళమే, మాకేమైంది?’ అంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చినా, కొన్ని జంతువుల వేటకు లైసెన్సులిచ్చే పద్ధతి ఆ తర్వాత కూడా కొనసాగింది. 1991 సవరణతోనే ఆ తలుపు మూసుకుంది. అంతకుముందు వేట బహిరంగంగా జరిగేది. పండగ మరునాడు ఊళ్ళో మగవాళ్ళంతా పట్టపగలు, కుక్కలతో, వలలతో, దుడ్డుకర్రలతో కదిలేవారు. ఎవరు వెళ్ళారో, ఏ దిక్కుకు వెళ్ళారో, ఎప్పటికి తిరిగిరావాలో ఊరందరికీ తెలుసు. పిల్లవాడు వెనకబడితే వెతకడానికి పదిమంది ఉండేవారు. ఆ వేట మంచిదని నేను అనడం లేదు. మన మెట్ట పొలాల్లో ఒకప్పుడు మందలుగా తిరిగిన కృష్ణజింకలు తగ్గిపోవడంలో దానికీ వాటా ఉంది. కానీ ఆ వేటలో పసివాడు పదిమంది కళ్ళెదుట ఉండేవాడు. ఇప్పటి వేటలో వాడు ఎవరి కంటా పడకూడదు.

ఇప్పుడు జరిగేదేమిటో తెలియనివారి కోసం చెబుతాను. బయలుదేరేది రాత్రి భోజనాలయ్యాక. ఒక బండి మీద ముగ్గురు కూర్చుంటే మధ్యలో పిల్లవాడుంటాడు. పొలాల గట్ల వెంట బాగా కాంతినిచ్చే లైటు వేస్తే కుందేలు కళ్ళు మెరుస్తాయి, వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మి అది ఉన్నచోటనే నిలబడిపోతుంది. లైటు పట్టుకునే పనీ, సంచి మోసే పనీ, ముళ్ళకంపలో దూరి పడిపోయిన జంతువును లాక్కొచ్చే పనీ చిన్నవాడికి అప్పగిస్తారు. ఇది కుందేళ్ళ మాట. అడవిపందికైతే నాటుబాంబులు, కరెంటు తీగలు. పదకొండు కిలోవోల్టుల లైను నుంచి దొంగగా కరెంటు లాగి, పంది ఎత్తుకు తీగ కట్టి, చీకట్లో మాటు కాస్తారు. పంది ఎత్తంటే రెండో తరగతి పిల్లవాడి నడుము ఎత్తని వేరే చెప్పనక్కరలేదు.

ఆ తీగకు మనిషి, జంతువు అన్న తేడా లేదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం ప్రాంతపు అడవిలో గాలింపుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు జంతువుల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి ప్రాణాలు కోల్పోయారు. అడవిలో ఎలా మెలగాలో ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి ఆయన. 2025 జూన్‌లో కేరళలోని మలప్పురం జిల్లా వళిక్కడవులో స్నేహితులతో చేపలు పట్టడానికి వెళ్ళిన 15 ఏళ్ళ బాలుడు అడవిపందుల కోసం పెట్టిన తీగకే బలయ్యాడు. తీగ వేసినవాడికి అది ఎక్కడుందో తెలుసు కాబట్టి తన బిడ్డకు భయం లేదని అనుకుంటాడు. అదే రాత్రి, అదే గుట్ట మీద ఇంకో ఊరి గుంపు వేసిన తీగ ఎక్కడుందో అతనికీ తెలియదు. దొంగచాటు పని చేసే రెండు గుంపులు ఒకరికొకరు చెప్పుకోవు కదా!

చీకట్లో వేట గురించి మన పెద్దలు చెప్పిన కథ కన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు. సరయూ తీరంలో రాత్రివేళ, కడవలో నీళ్ళు నిండుతున్న చప్పుడు విని ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని దశరథుడు శబ్దవేధి బాణం వేశాడు. గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుతున్న మునికుమారుడు నేలకూలాడు. ఆ వేసినవాడు మామూలు వాడు కాదు, చప్పుడును బట్టి గురి తప్పకుండా కొట్టగల విలుకాడు. అంతటివాడికే చప్పుడు చేసింది ఎవరో చీకట్లో తెలియలేదు. మన పల్లెల్లో నాటు తుపాకీ పట్టుకున్నవాడికి ఆ విద్యా లేదు. చాలాసార్లు అతను ఆ వేళకు తాగి కూడా ఉంటాడు. పొద కదిలితే కాలుస్తాడు. పొదలో దూరిన పసివాడు కదలకుండా ఎలా ఉంటాడు?

ఇక పాముల సంగతి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. దాని కాటుకు తరచు నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండవు కాబట్టి, ముల్లు గుచ్చుకుందనుకుని పిల్లవాడు చెప్పకుండా ఊరుకునే అవకాశం ఉంది. పాము పెద్దవాడి ఒంట్లోకి ఎంత విషం ఎక్కించగలదో పసివాడి ఒంట్లోకీ అంతే ఎక్కిస్తుంది. అందుకే విరుగుడు మందు పిల్లలకు కూడా పెద్దల మోతాదులోనే ఇస్తారు, ఆలస్యమైతే పిల్లలే ముందు కుప్పకూలుతారు. ఇక్కడే దాపరికం ప్రాణాల మీదికి తెస్తుంది. ‘ఎక్కడ కరిచింది, ఎన్ని గంటలకు కరిచింది?’ అని ఆస్పత్రిలో డాక్టరు అడుగుతాడు. రాత్రి ఒంటిగంటకు అడవిలో అని చెబితే వేట సంగతి బయటపడుతుంది కాబట్టి, ఇంటి వాకిట్లో తెల్లవారుజామున అని చెబుతారు. కొందరు అది కూడా చెప్పలేక ముందు నాటువైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ఒక గంట అటూ ఇటూ అయితే పెద్దవాడు తట్టుకోవచ్చు. ఇరవై కిలోల పిల్లవాడు తట్టుకోలేడు.

తుపాకీ ఉన్నచోట ఇంకా రెండు సంగతులున్నాయి, వాటిని క్లుప్తంగా చెబుతాను. మొదటిది చప్పుడు. పెద్దవాళ్ళ చెవికి 140 డెసిబెళ్ళు, పిల్లల చెవికి 120 డెసిబెళ్ళు దాటిన ఒక్కసారి చప్పుడు కూడా తగలకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు పెట్టింది. తుపాకీ పేలుడు సాధారణంగా పెద్దవాళ్ళ హద్దునే దాటిపోతుంది. చెవిలో దూది పెట్టుకుని వేటకు వెళ్ళేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. రెండోది సీసం. సీసపు గుళ్ళతో చంపిన జంతువు మాంసంలో కంటికి కనబడని సీసపు తునకలు మిగిలిపోతాయి. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల ఒంటికన్నా పసివాళ్ళ ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందనీ, ఇంత వరకు ఫరవాలేదనదగిన మోతాదు అంటూ ఏదీ లేదనీ అదే సంస్థ చెబుతోంది. మా ఊళ్ళలో మెత్తని ముక్క అని ఏరి పెట్టేది మొదట పిల్లలకే.

చట్టం సంగతి మనవాళ్ళలో చాలామందికి సగమే తెలుసు. చంపితేనే నేరమనీ, పక్కన నిలబడితే కాదనీ అనుకుంటారు. వన్యప్రాణుల చట్టం వేట అన్న మాటకిచ్చిన నిర్వచనం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం కూడా వేటే. వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పిల్లవాణ్ణి ఒకవైపు నిలబెట్టి కేకలు వేయించి కుందేలును వలవైపు తోలిస్తే, చట్టం దృష్టిలో ఆ పిల్లవాడి చేత వేట ఆడించినట్టే. కుందేలు చిన్న జంతువే కదా అనుకోవడానికీ వీల్లేదు, అదీ రక్షణ పట్టికలో ఉన్నదే. ఉడుము, అలుగు, నెమలి, కృష్ణజింక అయితే మొదటి పట్టికలోనివి. 2022 సవరణ ప్రకారం వాటి విషయంలో శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ వరకు పడవచ్చు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు.

ఇంతవరకు పెద్దవాడు తన ఒంటి మీదికి తెచ్చుకునేది. పిల్లవాణ్ణి కలుపుకున్నందుకు వేరే లెక్క ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 95వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండని వారిని నేరం చేయడానికి పెట్టుకున్నవారికి మూడేళ్ళకు తగ్గకుండా పదేళ్ళ వరకు జైలు, జరిమానా. 2015 నాటి బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ ప్రకారం, పిల్లలను చట్టవ్యతిరేకమైన పనులకు వాడుకున్న పెద్దలకు ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల జరిమానా. తుపాకీ ఉంటే ఆయుధాల చట్టం కూడా వస్తుంది. క్రీడా శిక్షణ వంటి మినహాయింపులు తప్ప, ఇరవై ఒక్కేళ్ళు నిండనివారి దగ్గర తుపాకీ ఉండకూడదు. ‘కొంచెం పట్టుకో నాన్నా, ఇప్పుడే వస్తా’ అని తండ్రి ఎనిమిదేళ్ళ కొడుకు చేతిలో నాటు తుపాకీ పెట్టి గట్టు దిగితే, ఆ క్షణంలో ఎన్ని చట్టాలు అతని మెడకు చుట్టుకుంటాయో అతనికి తెలియదు. కేసులు నమోదు చేసేవారు కూడా వన్యప్రాణుల చట్టంతో సరిపెట్టుకుంటే, పిల్లవాడు కాగితం మీద లేకుండా పోతాడు. పెద్దల మీద దయతో అలా చేస్తే అది బిడ్డకు ద్రోహం చేసే దయ.

పిల్లలను ఎందుకు తీసుకుపోతారన్నదానికి నేను విన్న కారణాలు రెండు రకాలు. ఒకటి ప్రేమ. పగలంతా కూలికో, మేస్త్రీ పనికో వెళ్ళే తండ్రికి కొడుకుతో గడిపేందుకు దొరికేది ఆ రాత్రే. వాడు వెంటపడి ఏడుస్తాడు, ఇతను కాదనలేడు. ఈ కారణాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. రెండోది వినడానికే ఏవగింపు కలిగిస్తుంది. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపితే, మధ్యలో నిద్రకళ్ళతో పిల్లవాడు ఉంటే, చుట్టాల ఊరి నుంచి వస్తున్నామంటే నమ్ముతారట. అంటే బిడ్డ అక్కడ ముసుగు. ఇంకో మాట కూడా విన్నాను, పిల్లల మీద కేసు ఉండదు కాబట్టి సంచి వాడి భుజాన వేస్తే మంచిదని. ఏడేళ్ళలోపు పిల్లవాడు చేసింది నేరం కాదని చట్టం చెప్పిన మాట నిజమే. ఆ మాట పిల్లవాణ్ణి కాపాడడానికి రాసింది. దాన్ని తండ్రి తన గొడుగుగా పట్టుకుంటే ఏమనాలి?

మా ప్రాంతం గురించి రాస్తూ చెంచుల మాట ఎత్తకపోతే ఉత్తరం అన్యాయంగా మిగిలిపోతుంది. వేట, పిల్లలు అనగానే చాలామంది వేలు వారివైపే చూపిస్తారు. చెంచుల బతుకులో వేట కన్నా సేకరణ పెద్దది. గడ్డలు, తేనె, ఇప్పపువ్వు, చింతపండు, కుంకుళ్ళు, అడవి పళ్ళు వారికి ముఖ్యం. చెంచు పిల్లవాడు నడక నేర్చినప్పటి నుంచి తల్లి వెంట గడ్డలు తవ్వుతూ, తండ్రి వెంట తేనెపట్టు జాడ చూస్తూ పెరుగుతాడు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ వాగు ఎండాకాలంలో కూడా తడిగా ఉంటుందో, ఎలుగుబంటి ఏ పుట్ట దగ్గర తవ్విందో వాడికి తెలుసు. చిన్న విల్లు చేతికిచ్చినా అది ఆటవస్తువే, గురి చూసేది కాయకో బెరడుకో. ఈ చదువు పగలు జరుగుతుంది, తల్లి కూడా పక్కనే ఉంటుంది, ఎవరికీ అబద్ధం చెప్పనక్కరలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తించినప్పుడు కూడా వేటను మినహాయించిందన్నది నిజం. అయినా తిండికోసం ఒక ఉడుమును పట్టిన చెంచు మీద పడే చెయ్యి, కారులో వచ్చి వినోదం కోసం కాల్చేవారి మీద అంత వేగంగా పడుతున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలా పనిచేస్తున్నవారిలో చెంచులు చాలామంది ఉన్నారు. అడవి చదువు అంటే వేట అనే భ్రమ మైదానపు మనిషిదే, అడవి మనిషిది కాదు.

పండగల వేట గురించి కూడా ఒక మాట. విశాఖ మన్యంలో చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు వెళ్ళడం, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం ఆచారం. ఆచారం ఉన్నచోట మాట్లాడేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవాలి, బయటివాణ్ణి కాబట్టి నేనంతకు మించి చెప్పను. మా వైపు అహోబిలంలో మాత్రం ఒక చక్కని పద్ధతి కళ్ళారా చూడవచ్చు. కనుమనాడు నరసింహస్వామి పారువేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన బావగారి పల్లకీ మీదికి చెంచులు బాణాలు వేస్తారు. పిల్లలు తండ్రి భుజాల మీద కూర్చుని చూస్తారు. వేట అన్న మాట ఉంది, విల్లు ఉంది, బాణం ఉంది, ఒక్క ప్రాణం పోదు. వేటగాళ్ళ కులపెద్ద కొడుకైన తిన్నడి కథలో కూడా, తరువాత కన్నప్ప అయిన ఆ తిన్నణ్ణి తండ్రి మొదటిసారి వేటకు పంపింది విలువిద్య పూర్తిగా నేర్చి వయసుకు వచ్చాకనే. బోయపల్లెలోనే అలా ఉంటే, ఏ విద్యా నేర్పకుండా ఏడేళ్ళవాణ్ణి అర్ధరాత్రి బండెక్కించడం ఏ సంప్రదాయం కిందికి వస్తుందో నాకు అర్థం కాదు.

ఈ మధ్య కుర్రవాళ్ళు ఇంకో వాదన తెస్తున్నారు. అమెరికాలో తండ్రులు పిల్లలను జింకల వేటకు తీసుకుపోయే వీడియోలు ఫోన్లో చూపించి, ‘అక్కడ లేని తప్పు ఇక్కడేమిటి సార్?’ అంటారు. అక్కడ వేట చట్టబద్ధం. విస్కాన్సిన్ రాష్ట్రం 2017లో, పెద్దల తోడుతో వేటాడే పిల్లలకు అప్పటిదాకా ఉన్న పదేళ్ళ కనీస వయసును కూడా తీసేసింది. దాని మీద అక్కడివారిలోనే పెద్ద వాదులాట జరిగింది. కానీ ఆ వయసు తీసేసినా, తోడున్న పెద్దవాడు పిల్లవాడికి చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలన్న నియమం అలాగే ఉంది. తుపాకీతో జింకల వేట సాగే రోజుల్లో దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగో గులాబీ రంగో బట్టలు వేసుకోవాలి. లైసెన్సు కావాలి. ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. అంటే అక్కడ పిల్లవాడి రక్షణకు మొదటి సూత్రం అందరికీ కనబడడం. మన దగ్గర వేటకు మొదటి సూత్రం ఎవరికీ కనబడకపోవడం. నల్లచొక్కా తొడిగి, ఫోను ఆపి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా అడవి పేరు చెప్పకుండా తీసుకుపోతూ, అమెరికా పిల్లవాణ్ణి సాక్ష్యానికి పిలవడం కుదరదు.

పంట నష్టం మాట కొట్టిపారేయదగ్గది కాదు. వేరుశనగ, మొక్కజొన్న వేసిన రైతు అడవిపందుల వల్ల రాత్రులు చేలోనే గడుపుతున్నాడు. దానికి చట్టంలోనే 11వ సెక్షన్ కింద దారి ఉంది, అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే అనుభవమున్న షూటర్లు ఆ పని చేస్తారు. ఆ అనుమతి ఎంత ఆలస్యంగా వస్తుందో రైతులకు తెలుసు, ప్రభుత్వం దాన్ని సులభం చేయాలి. కానీ ఆ కష్టానికీ, మంచె మీద తండ్రి పక్కన పడుకున్న బిడ్డను తీగ కట్టడానికి లేపడానికీ సంబంధం లేదు. చేను కాయడం వేరు, పందికి మాటు కాయడం వేరు.

ఒక సంగతి నాకు చెప్పడం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. ఉచ్చులో పడ్డ కుందేలు పసిబిడ్డలా అరుస్తుంది. మొదటిసారి ఆ అరుపు విన్న పిల్లల్లో కొందరు ఏడుస్తారు. అప్పుడు పక్కనున్న పెద్దవాళ్ళు ‘ఆడపిల్లవా నువ్వు?’ అని నవ్వుతారు. రెండోసారి వాడు ఏడవడు. మూడోసారి వాడే మెడ తిప్పుతాడు, దాన్ని వీడియో తీసి స్టేటస్‌లో పెడతారు. కింద చుట్టాలంతా పులిబిడ్డ అని రాస్తారు. ఆ పిల్లవాడు కఠినాత్ముడు అయిపోతాడని నేను జోస్యం చెప్పను, అలా వెళ్ళినవారిలో మంచి మనుషులైనవారు నా ముందే ఉన్నారు. కానీ మొదటి ఏడుపు సరైన ఏడుపు అని వాడికి చెప్పిన పెద్దమనిషి ఆ రాత్రి అక్కడ ఒక్కడూ లేడు. తల్లి ఉంటే చెప్పేదేమో. ఆమెకు ఆ రాత్రి ఎక్కడికి వెళ్ళారో తెలియదు.

తండ్రీ కొడుకులు కలిసి అడవికి పోవాలనుకుంటే దారులు లేకపోలేదు. దోర్నాల దగ్గర తుమ్మలబైలు సఫారీ ఉంది, ఆత్మకూరు దగ్గర బైర్లూటి ఉంది, కృష్ణ అవతలి ఒడ్డున అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫర్హాబాద్ ఉంది. డబ్బులు పెట్టలేనివారికి ఊరి చెరువే చాలు. చలికాలంలో చెరువుకు వచ్చే పిట్టల పేర్లు ఊళ్ళో వృద్ధులకు ఇప్పటికీ తెలుసు. కౌజు కూతకూ కంజు కూతకూ తేడా చెప్పగలిగిన వేటగాడైన తండ్రి, నా వంటి పుస్తకాల పంతులు కన్నా మేలైన గురువు. ఆ విద్య ఉచ్చుతో కాక చూపుతో నేర్పవచ్చు. బడుల్లో పర్యావరణ సంఘాలు పేరుకు ఉన్నాయి. వాటికి ఉపన్యాసాలివ్వడానికి అధికారులను పిలవడం మాని, ఊరిలో అడవి తెలిసిన ఇటువంటి తండ్రులను పిలిస్తే, ఆ మనిషికి కొడుకు ముందు దక్కవలసిన గౌరవం పగటిపూటే, అబద్ధం లేకుండానే దక్కుతుంది.

అటవీశాఖకూ పోలీసులకూ నా విన్నపం ఇది. వేట కేసు నమోదు చేసేటప్పుడు గుంపులో పద్దెనిమిదేళ్ళలోపు వారు ఉన్నారా, ఉంటే వారి చేత ఏ పని చేయించారు అన్నది తప్పనిసరిగా రాయాలి. ఆ బిడ్డను నిందితుడిగా కాక బాలల సంక్షేమ కమిటీ దృష్టికి తేవలసిన బిడ్డగా చూడాలి. తెచ్చినవారి మీద పైన చెప్పిన సెక్షన్లు పెట్టాలి. రెండు మూడు కేసుల్లో అలా జరిగి ఆ సంగతి మండలంలో పాకితే, బండి మధ్యలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం మోసేవాడికే బరువవుతుంది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. పండగ రోజుల్లో చచ్చిన కుందేళ్ళను పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు ‘పల్లె సందడి’ వంటి శీర్షికల కింద అచ్చవడం నేను వేర్వేరు పత్రికల్లో చూశాను. అది నేరానికి ఫొటో. పైగా చట్టంతో పేచీలో పడిన పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. అలాంటి ఫొటోలు వేయవద్దనీ, వేట కేసు వార్త పంపేటప్పుడు పిల్లలు ఉన్నారో లేదో పేర్లు లేకుండా ఒక వాక్యం రాయమనీ మీ మండల విలేకరులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను. రాబోయే సంక్రాంతి లోపల ఆ మాట వారికి చేరితే సంతోషిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు ప్రాంతం, నంద్యాల జిల్లా